డైరీలో రాయని ముద్ద

స్నిగ్ధకు ఆ ఉద్యోగం సర్వపిండి పుణ్యమా అని దొరికింది.

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఆమె మాస్టర్స్ రెండో ఏడు చదువుతోంది. ఊళ్ళోని ఒక పరిశోధన కేంద్రంవాళ్ళు రాత్రి డ్యూటీలు చేసేవాళ్ళ తిండి మీద అధ్యయనం మొదలుపెట్టారు. చేరినవాళ్ళలో సగంమంది రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఏమీ తినకూడదు. మంచినీళ్ళు, చక్కెర లేని టీ తాగవచ్చు, అంతే. మిగతా సగం ఎప్పటిలాగే తినవచ్చు. అందరి జబ్బలకూ రూపాయి బిళ్ళంత సెన్సర్ అతికించి, పన్నెండు వారాలపాటు ఒంట్లో చక్కెర ఎప్పుడు ఎక్కుతోందో, ఎప్పుడు దిగుతోందో చూస్తారు. ఏం తిన్నారో, ఎన్నింటికి తిన్నారో ఎవరి డైరీ వాళ్ళు ఫోన్‌లో రాయాలి.

బస్సు డ్రైవర్లూ నర్సులూ రాసిన బ్రెడ్డు, చీజు లెక్కకట్టడం అక్కడివాళ్ళకు కష్టం కాలేదు. నలభై రెండో నంబరు మనిషి మాత్రం ఒకరోజు 'సర్వపిండి ఒకటి', మర్నాడు 'జొన్నరొట్టె, పచ్చిపులుసు' అని రాసి పంపాడు. అందులో ఎంత పిండి, ఎంత నూనె అని చెప్పేవాళ్ళు లేక, తెలుగు తెలిసిన విద్యార్థి కావాలని ప్రకటన వేశారు.

స్నిగ్ధది తెనాలి. సర్వపిండి పేరు వినడమే గాని ఆమె కూడా ఎప్పుడూ తినలేదు. మొదటిరోజే ఆ మనిషికి ఫోన్ చేసింది.

"రవీంద్రనాథ్ గారేనాండీ? స్టడీ ఆఫీసు నుంచి స్నిగ్ధని. సర్వపిండి అంటే ఏంటో కాస్త చెప్తారా?"

అవతల పెద్దగా నవ్వు.

"తెలుగమ్మాయివా! మస్తు సంతోషం. బియ్యప్పిండిల శెనగపప్పు, నువ్వులు, కారం గలిపి గిన్నెకు ఒత్తి కాలుస్తం అమ్మా. మీ దిక్కు ఉండదా?"

"మా వైపు తప్పేలచెక్క అంటారండీ. అలాంటిదేమో."

"అయితే అదే అనుకో. నూనె మాత్రం మా ఇంట్ల ఇంత ఎక్కువనే."

రవీంద్రనాథ్‌ది సిరిసిల్ల. నలభై ఆరేళ్ళు. భార్య విజయలక్ష్మి, బడికి వెళ్ళే కూతురుతో ఫ్యూర్త్‌లో ఉంటాడు. న్యూరెంబర్గ్‌లో ఒక డేటా సెంటర్‌లో అయిదేళ్ళుగా అతనిది రాత్రి డ్యూటీయే. పదింటికి ఎక్కితే ఆరింటికి దిగుతాడు. కిందటి వేసవిలో రక్తపరీక్ష చేయిస్తే చక్కెర జబ్బు అంచున ఉన్నావన్నారు. రాత్రి తిండి మానితే మేలేమోనని ఈ స్టడీలో చేరాడు. చీటీ తీస్తే తిననివాళ్ళ గుంపే పడింది. అలా పడినందుకు సంతోషించినవాడు అతనొక్కడేనని ఆఫీసులో చెప్పుకునేవారు.

డైరీ శ్రద్ధగా రాసేవాడు. రాత్రి గడుల్లో మాత్రం వరసగా 'నీళ్ళు', 'నీళ్ళు', 'బ్లాక్ టీ' అని ఉండేది.

అక్టోబర్ నడుమ డాక్టర్ కెల్లర్ స్నిగ్ధను తన గదికి పిలిచింది. అధ్యయనానికి పెద్ద ఆవిడే. గొంతు లేవదు, మాట పొల్లుపోదు. స్క్రీన్ మీద నలభై రెండో నంబరు గీత చూపించింది. రాత్రంతా నిమ్మళంగా సాగిన గీత మూడు దాటాక నిక్కి, నాలుగుకల్లా కొండెక్కి, అయిదున్నరకు గాని దిగడం లేదు. ఒక్కరోజు కాదు, రోజూ అంతే.

"సెన్సర్ అయినా చెడిపోయి ఉండాలి, ఆయనైనా తింటూ ఉండాలి. మీ భాషవాడు కదా, నొప్పించకుండా కనుక్కో" అంది.

సెన్సర్ మార్చడానికి ఇచ్చిన టైముకు రవీంద్రనాథ్ వచ్చినప్పుడు స్నిగ్ధ అడిగింది.

"రాత్రిపూట ఎప్పుడన్నా ఏదన్నా నోట్లో వేసుకుంటున్నారాండీ? బిస్కెట్టో, పండో?"

అతను చొక్కా చేయి పైకి మడుస్తూ తల అడ్డంగా ఊపాడు. "లేదమ్మా. ఏం తినలే."

ఆమె నమ్మింది. నమ్మాలని ఉంది గనక నమ్మింది. సెన్సరే చెడిపోయిందని కాగితంలో రాసి కొత్తది అతికించింది. ఆ రాత్రి కొత్త సెన్సర్ కూడా మూడింటికి అదే కొండ ఎక్కింది.

అక్టోబర్ ఆఖరి ఆదివారం, చలికాలం వేళకని దేశమంతా గడియారాలు గంట వెనక్కు తిప్పారు. తర్వాతి వారం గీతలు ఒకదాని కింద ఒకటి పేర్చి చూస్తున్న స్నిగ్ధ చేయి ఆగిపోయింది. నలభై రెండో నంబరు కొండ మూడు నుంచి రెండుకు జరిగింది. సరిగ్గా గంట, అదీ ఆ ఆదివారం నుంచే. ఆకలికి వేసవి కాలమనీ చలికాలమనీ తెలియదు. డ్యూటీలో విరామం వేళ మారిందా అంటే, సెలవు రోజుల్లోనూ రెండింటికే ఎక్కుతోంది. గడియారం తిప్పని దేశంలో ఎవరో ఒకరు ఈ మనిషి తిండికి వేళ పెడుతున్నారు. వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. ఇండియాలో అది పొద్దున ఆరున్నర.

ఆ శుక్రవారం రవీంద్రనాథ్ డ్యూటీ దిగి నేరుగా ఆఫీసుకు వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. స్నిగ్ధ కాఫీ ఇచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"పొద్దున ఆరున్నరకు ఇంటికి ఫోన్ చేస్తారాండీ?" అంది.

అతను కప్పు వంక చూస్తూ, "దొరికిపోయిన" అన్నాడు. "అబద్ధం జెప్పిన అమ్మా. తప్పే."

"తప్పని కాదండీ. ఎందుకు?"

"మా తమ్ముడున్నడు. బ్రహ్మయ్య. ముప్పై ఎనిమిదేండ్లు. ఒడ్డూ పొడుగూ నాకంటె ఎక్కువనే ఉంటడు గని, మనసు అయిదేండ్ల పోరనిదే. చిన్నప్పటి సంది ఫిట్స్. పొద్దుగాల ఇంత తిని గోలీలు ఏసుకోవాలె. ఖాళీ కడుపున ఏస్తె కక్కుకుంటడు."

తల్లి ఉన్నన్నాళ్ళు ఆమె ఎదురుగా కూచుని తను ఒక ముద్ద తింటే, బ్రహ్మయ్య ఒక ముద్ద తినేవాడు. ఆమె పోయి రెండేళ్ళయింది. దినవారాలకు వెళ్ళిన రవీంద్రనాథ్ నెల్లాళ్ళు ఉండిపోయి, పొద్దున్నే తమ్ముడి ముందు తల్లి కూచున్న పీట మీద తను కూచున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు తమ్ముణ్ణి హైదరాబాద్‌లో చెల్లెలు ఆండాళు ఇంట్లో దింపాడు. అక్కడ మొదటి పొద్దున్నే పేచీ మొదలైంది. మధ్యాహ్నం, రాత్రి చెల్లెలు పెడితే తింటాడు. పొద్దుటిది మాత్రం అన్న తింటేనే. చెంబుకు ఫోన్ ఆనించి నిలబెట్టి అన్నను చూపిస్తే అప్పుడు నోరు తెరిచాడు.

"అప్పటి సంది ఒక్కనాడు తప్పలే. నేను రెండు ఇడ్లీలు డబ్బల పెట్టుకపోత. వాడు ఒక ముద్ద, నేనొక ముద్ద. నోట్ల పెట్టుకొని ఊకుంటే ఊకోడు. 'ఆ' అను అంటడు. నోరు తెరిచి నాలిక చూపియ్యాలె."

"మీరు డ్యూటీ దిగాక పెడితే? అక్కడ పదిన్నర అవుతుంది, అంతే కదండీ?"

"పెట్టినం. మూడు దినాలు. పదింటి దాంక ఉపాసం గూసుండె. మూడోనాడు ఫిట్స్ అచ్చింది. నాలిక కొరుక్కున్నడు." కప్పు కింద పెట్టాడు. "నాకు తెల్వదా అమ్మా, రాత్రి తింటే నాకేమైతదో? చీటీల తిననోళ్ళ గుంపు పడంగనే అనుకున్న, దేవుడే చెప్తుండు, గీ పన్నెండు వారాలన్న మానాలె అని. ఒక్కనాడు గూడ మానలేకపోయిన."

ఉన్నది ఉన్నట్టు రాసేస్తే ఆ రోజే అతన్ని స్టడీలోంచి తీసేసేవారు. స్నిగ్ధ రాయలేదు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, లెక్క తెలిస్తే దారి దొరుకుతుందని నమ్మే చదువు చదివింది. రెండు వారాలు ఆగమని తనకు తనే చెప్పుకుని, దారులు వెతకడం మొదలుపెట్టింది.

చక్కెర పెంచదని ఇడ్లీ బదులు కోడిగుడ్డు తినమంది. బ్రహ్మయ్య తన కంచంలోకీ అన్న డబ్బాలోకీ చూసి, "నీది వేరే" అని కంచం నెట్టేశాడు. అతని కంచంలోనూ గుడ్డే పెడితే, ఇడ్లీ ఏదని ఏడ్చాడు. రవీంద్రనాథ్ తింటున్నట్టు వీడియో తీసి చూపించమంది. రెండు ముద్దలదాకా బాగానే నడిచింది. తర్వాత బ్రహ్మయ్య, "అన్నా, చలి ఉన్నదా?" అని అడిగాడు. వీడియోలో అన్న పలకలేదు. మళ్ళీ అడిగాడు. మూడోసారి అడిగి, ఫోన్ తీసి గోడకేసి కొట్టాడు.

ఆఖరికి ఆమె, "నేను తింటానండీ" అంది.

"నువ్వా?"

"రోజూ మీ ఇద్దరి కాల్‌లో నేను కూడా కూచుంటాను. నాకు అలవాటు పడితే, మెల్లగా మీరు తప్పుకోవచ్చు. నాకు సుగర్ లేదు. రాత్రి రెండింటికి లేస్తే ఏమవుతుంది?"

వద్దన్నాడు గాని, అనడంలో గట్టిదనం లేదు. అయిదేళ్ళుగా రాత్రి పడుకోని మనిషి. ఎవరో బరువు పంచుకుంటానంటే వద్దనే ఓపిక అతనికి లేకపోయింది.

అలా నవంబర్‌లో ఒక వారంపాటు స్నిగ్ధ రోజూ రాత్రి అలారం పెట్టుకుని లేచి, హాస్టల్ వంటింట్లో ఇడ్లీ వేడి చేసుకుని ఫోన్ ముందు కూచుంది. బ్రహ్మయ్య మొదటిరోజు ఆమెను చూసి చెల్లెలి వెనక దాక్కున్నాడు. మూడో రోజుకు తన చిలకపచ్చ చొక్కా చూపించాడు. స్నిగ్ధ అనడానికి నోరు తిరగక "సిగ్దా" అన్నాడు. అయిదో రోజు, "సిగ్దా, ఆ అను" అని ఆమె నోరు కూడా తెరిపించి చూశాడు. ఆండాళు వెనకనుంచి మొక్కినట్టు చేతులు జోడించింది. కాల్ అయ్యాక స్నిగ్ధకు సంతోషంతో నిద్రపట్టలేదు.

ఎనిమిదో రోజు ఆమె ఒక్కతే కూచుంది.

"అన్న ఏడి?"

"అన్నకు పనుంది. ఇవాళ మనిద్దరం తిందాం. ఇదిగో నా ముద్ద."

బ్రహ్మయ్య ఇడ్లీ తుంచాడు. నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు. "అన్న తిన్నడా?"

"తిన్నాడు."

"ఎప్పుడు?"

"ఇందాక."

అతను ఆమె ముఖం వంక చూశాడు. అబద్ధమని తెలిసిందో, అన్న తను లేకుండా తిన్నాడనే మాట బాధపెట్టిందో, ముక్కను కంచంలో పెట్టేసి, కంచం మీద పెద్ద అరచేయి బోర్లించాడు.

"అన్న తినలే" అన్నాడు.

ఆండాళు బతిమాలింది. స్నిగ్ధ మూడు ఇడ్లీలూ తినేసి ఖాళీ కంచం చూపించింది. అక్కడ ఏడు దాటింది. రవీంద్రనాథ్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ రాత్రి డేటా సెంటర్‌లో ఏదో అలారం మోగి, అతను ఫోన్ లాకర్‌లో పెట్టి లోపలికి వెళ్ళాడని తర్వాత తెలిసింది. అతను బయటికి వచ్చి కాల్‌లోకి వచ్చేసరికి ఇండియాలో ఏడున్నర దాటింది. "బమ్మా, నేనే, ఇటు చూడు" అని ముద్దుపేరుతో పిలుస్తుంటే బ్రహ్మయ్య గోడవైపు తిరిగి కూచున్నాడు. వీపు మాత్రం కనిపిస్తోంది. ఒంటిమీద ఆమెకు చూపించిన చిలకపచ్చ చొక్కాయే.

గోలీలు ఖాళీ కడుపునే వేశారు. కక్కుకున్నాడు. పదిన్నరకు ఫిట్స్ వచ్చింది. గుమ్మం దగ్గర పడి కనుబొమ చిట్లింది. నాలుగు కుట్లు పడ్డాయని ఆండాళు వాట్సాప్‌లో ఫోటో పెట్టింది. స్నిగ్ధ క్లాసుకు వెళ్ళలేదు. ఆ ఫోటో చూడలేకపోయింది, ఫోన్ పక్కన పెట్టలేకపోయింది.

సాయంత్రం రవీంద్రనాథే ఫోన్ చేశాడు.

"నీ తప్పు గాదమ్మా. మనసుల పెట్టుకోకు."

"నేను మిమ్మల్ని ఒప్పించకుండా ఉండాల్సిందండీ."

"నాకు గావాలనిపించింది, ఒప్పుకున్న. ఒక్క రాత్రన్న..." అని మాట మింగేశాడు. "రేపటి సంది నేనే కూసుంట. నువ్వు మీ డాక్టరమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఇంకెన్ని దినాలు దాస్తవు?"

మర్నాడు ఆమె అంతా చెప్పింది, తను చేసింది కూడా. డాక్టర్ కెల్లర్ మధ్యలో ఆపకుండా విన్నది. తిడుతుందేమోనని స్నిగ్ధ చూసింది. తిట్టినా బాగుండేది.

"నాకు ముందే చెప్పి ఉండాల్సింది," అని మాత్రం అంది. తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "చెప్పినా నేను చేయగలిగేది ఏమీ ఉండేది కాదనుకో. అతని తమ్ముణ్ణి ఇక్కడికి తెచ్చుకోలేడా?"

"అన్నదమ్ములకు వీసా ఇవ్వరట. రెండుసార్లు అడిగారట."

"ఆయన వెనక్కి వెళ్ళిపోతే?"

"కూతురు చదువు ఇక్కడ. భార్య ఉద్యోగం ఇక్కడ."

ఆవిడ సొరుగులోంచి ఒక ఫారం తీసి స్నిగ్ధ ముందుకు జరిపింది. నలభై రెండో నంబరును స్టడీలోంచి తీసేస్తున్నందుకు కారణం రాయాలి. నియమం పాటించలేదు, అని ఒక గడి ఉంది. స్నిగ్ధ అందులో టిక్కు పెట్టింది. ఆ రెండు మాటల్లో అబద్ధం లేదు.

సెన్సర్ తీయించుకోవడానికి వచ్చిన రోజు రవీంద్రనాథ్ రక్తం కూడా ఇచ్చాడు. ఇక అంచున కాదు, జబ్బులోనే ఉన్నాడని తేలింది. ఇంటి దగ్గరి డాక్టర్‌కు ఉత్తరం వెళ్ళింది. పూటకొక మాత్ర మొదలుపెట్టారు. "ఇప్పుడు ఇద్దరం గోలీలోళ్ళమే. వాడు ఏసుకుంటె నేను ఏసుకుంట, నేను ఏసుకుంటె వాడు ఏసుకుంటడు" అని నవ్వాడు. స్నిగ్ధకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం న్యూరెంబర్గ్ స్టేషన్‌లో అతను కనిపించాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎన్నడూ లేనంత కళగా ఉన్నాడు.

"స్నిగ్ధమ్మా! నీకు చెప్పాలనుకుంటున్న. పగటి డ్యూటీ ఇచ్చిండ్రు! కంపెనీ డాక్టరు రాసిచ్చె, సుగర్ ఉన్నోడికి రాత్రి పని పెట్టొద్దని. మూడు వారాలైంది. అయిదేండ్ల తర్వాత ఇంట్ల ముగ్గురం ఒక్కదగ్గర కూసోని బువ్వ తింటున్నం. విజయలక్ష్మి ముఖం చూడాలె నువ్వు."

"చాలా మంచి మాట చెప్పారండీ" అంది, నిజంగానే. తర్వాత, అడగకూడదనుకుంటూనే అడిగింది. "మరి బ్రహ్మయ్య గారు?"

"మంచిగున్నడు. కుట్ల మచ్చ గూడ కనవడ్తలేదు. నిన్ను అడుగుతడు అప్పుడప్పుడు, సిగ్ద ఏదీ అని."

"పొద్దుటిది ఎలా తింటున్నాడు?"

"నాతోనే. పదింటికి పండుకుంట, రెండింటికి అలారం పెట్టుకుంట. లేచి, తిని, వాడు గోలీలు ఏసుకునేదాంక ఉండి మల్ల పండుకుంట. నిద్రపట్టేసరికి మూడున్నర, నాలుగైతది. అయిదున్నరకు లేవాలె గద." వేళ్ళ మీద లెక్క చెబుతున్నట్టు చెప్పుకొచ్చాడు. "అది పెద్ద కష్టమేం గాదు. అలవాటైంది."

స్నిగ్ధ కళ్ళముందు గీత కదిలింది. నిద్రలో నిమ్మళంగా సాగుతూ వచ్చి రెండింటికి లేచే గీత. ఒకప్పుడు మెలకువగా ఉండి తినేవాడు. ఇప్పుడు నిద్ర చీల్చుకుని లేచి తింటున్నాడు. డ్యూటీ మారింది, ఆ ముద్ద వేళ మారలేదు, మారదు. అదంతా ఈ ప్లాట్‌ఫాం మీద నిలబెట్టి చెప్పి ఏం చేయమంటుంది? చేయగలిగినవన్నీ చేసి చూశారు. అందులో ఒకటి తనే చేసింది.

ఫ్యూర్త్ వెళ్ళే ఎస్-బాన్ లోకల్ రైలు వస్తోందని మైకులో చెప్పారు. రవీంద్రనాథ్ సంచి భుజాన వేసుకున్నాడు.

"ఇగ రాత్రి పని లేదు గద" అన్నాడు, ఆమె ముఖంలోకి ఆశగా చూస్తూ. "నువ్వు చదువుకున్నదానివి. నాకు నిజం చెప్పు. సుగర్ తగ్గుతది గదమ్మా?"

"తగ్గాలండీ" అంది స్నిగ్ధ. తగ్గుతుంది అనడానికి నోరు రాలేదు.

అతనికి ఆ తేడా వినపడలేదో, వినపడినా పట్టించుకోదలచుకోలేదో. "తగ్గుతది, తగ్గుతది" అని తనే రెండుసార్లు అనుకుని, తలుపులు మూసుకునేలోపు గబగబా రైలెక్కాడు. కిటికీ పక్కన చోటు దొరికినట్టుంది, లోపలినుంచి చేయి ఊపాడు. రైలు కదిలేసరికి అతని తల అద్దానికి వాలిపోయి ఉంది. ఫ్యూర్త్ పది నిమిషాల దూరం కూడా లేదు. దిగాల్సిన చోట మెలకువ వస్తుందో రాదో అనుకుంటూ, రైలు మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడింది.